మంచు కట్టని నీరు

టెక్సాసు రాష్ట్రమున, డల్లాసు నగరమునకు ఉత్తరముగా నున్న ఫ్రిస్కో పట్టణమందు, మా అమ్మాయి యింట సత్యనారాయణవ్రతము సంకల్పింపబడి, బయట ఆషాఢపు టెండ 40 డిగ్రీలకు చేరువగా కాయుచుండగా, బంధుమిత్రులు 30 మంది రానున్నారనగా సరిగా మూడు దినములకు ముందు, వంటయింటి ఫ్రిజ్జులోని ఐస్ మేకరు మంచుముక్కలను విడుచుట మానివేసినది. రాత్రింబవళ్లు గంటన్నర కొకమారు తొట్టిలో గలగల రాలుచుండెడి ముక్కల చప్పుడు ఆగిపోయినదని మొదట గ్రహించినది నా మనుమరాలు. తొట్టి లాగి చూడగా అడుగున నాలుగు పాత ముక్కలు ఒండొంటి నంటుకొని యుండెను. అంతకు మించి యేమియు లేదు.

అంతట ఇంటిలో ఒక్కొక్కరు ఒక్కొక్క తీర్పు చెప్పిరి. "ఫిల్టరు మార్చి ఏడాది దాటింది, అదే కారణం" అని అమ్మాయి యనెను. "ఇది పాతబడిపోయింది మామయ్యగారూ, కొత్తది తెచ్చేద్దాం" అని అల్లుడనెను. నా యిల్లాలు వారిద్దరికంటెను లోతునకు పోయి, "మన ఖర్మ. సరిగ్గా అవసరం వచ్చినప్పుడే అన్నీ ఇట్లా అవుతాయి" అని నిట్టూర్చెను. ఈ మూడు తీర్పులలో మొదటి రెండును యంత్రమునకు సంబంధించినవి. మూడవది మతమునకును తత్త్వమునకును సంబంధించినది. 35 ఏండ్లపాటు పిల్లలకు తర్కసంగ్రహము పాఠము చెప్పినవాడ నగుటచేత నా మనస్సు ఆ మూడవదానిమీదనే నిలిచిపోయినది. ఒక లేమి కనబడినంతనే దానికి కర్మమును కారణముగా జెప్పుట విశ్వాసమా, లేక విచారణను విడిచిపెట్టుటయా?

ఈ ప్రశ్నను నేను తేలికగా అడుగుటలేదు. కర్మసిద్ధాంతమునందు నాకు పరిపూర్ణమైన విశ్వాసము కలదు. దానిని ఆడిపోసుకొనువారి పక్షమున చేరుటకు గాక, దానిని వేళ గాని వేళ, చోటు గాని చోట ప్రయోగించి చులకన చేయువారి చేతులనుండి విడిపించుటకే నేనీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మన తెలుగున అదృష్టమను మాటకు భాగ్యము, మేలు అను నర్థము స్థిరపడినది. అనుకొనని ధనము చేతికి వచ్చినవానిని అదృష్టవంతుడందుము, రానివానిని దురదృష్టవంతుడందుము. శాస్త్రమున ఆ మాటకు అంత సంబరమును లేదు, అంత శోకమును లేదు. కంటికి కనబడనిది అని మాత్రమే దాని యర్థము. మానవుడు చేసిన పనులవలన గలిగిన ధర్మాధర్మములు ఆత్మయందు గుణములై నిలిచి, పనులు ముగిసిపోయిన చిరకాలమునకు సుఖదుఃఖములుగా పండునని నైయాయికులు చెప్పిరి; అవి యే యింద్రియమునకును గోచరము గానివి గనుక వానికి అదృష్టమని పేరు పెట్టిరి. అయితే ఆ పేరు పెట్టిన పెద్దలే దానికొక కట్టుబాటును గూడ ఏర్పరచిరి. కనబడు కారణము చాలియుండగా కనబడని కారణమును కల్పించుట న్యాయము కాదని వారి నిశ్చయము. మీమాంసకులును ఈ కట్టుబాటునకు తలయొగ్గినవారే. కావున అదృష్టమనునది యింటికి చివరి తలుపు. వీధితలుపు తట్టకముందే దానిని తెరచువాడు ఆ యింటి మర్యాద నెరుగనివాడు.

ఈ అదృష్టమునకును మంచునకును మన శాస్త్రములలో పూర్వమే చుట్టరికము కలిసియుండుట నాకెంతయు ఆశ్చర్యము గొలిపెడి విషయము. ద్రవత్వము నీటికి సహజగుణమని వైశేషికుల మతము. అట్లయినచో వడగండ్లు గట్టిగా నుండుట యెట్లు? ముక్తావళిని రచించిన విశ్వనాథ పంచాననుడు దీనికి సమాధానము చెప్పుచు, అదృష్టవిశేషముచేత అచ్చట ద్రవత్వము అడ్డగింపబడినదనియు, కాఠిన్యము తోచుట భ్రాంతి యనియు పలికెను. అయితే ఆ వైశేషికులకు మూలపురుషుడైన కణాదుడు అంతకు ఎన్నియో శతాబ్దములకు పూర్వమే నీరు గడ్డకట్టుటకును కరుగుటకును గూడ తేజస్సంయోగమే, అనగా అగ్నితోడి కూడికయే, కారణమని సూత్రించియుండెను. నేను పాఠము చెప్పిన దినములలో విశ్వనాథుని సమాధానమును ఉన్నదున్నట్లు వల్లించి ముందునకు సాగిపోయెడివాడను. నేడు, ఒక గ్రాము నీరు సున్న డిగ్రీలయొద్ద గడ్డకట్టవలెనన్న 80 కేలరీల వేడి దానినుండి తొలగిపోవలెనని బడిపిల్లలకు గూడ తెలిసినపిమ్మట, అదృష్టము ఆ స్థలమునుండి ఒక యడుగు వెనుకకు జరిగినది. ఇందుచేత విశ్వనాథునకు అవమానము కలిగినదని నేననుకొనను. కనబడు కారణము దొరికిన తోడనే కనబడనిదానిని విరమింపవలెనన్న ఆజ్ఞ ఆయన సంప్రదాయమువారిదే గదా. మంచనగా అడ్డగింపబడిన నీరు అను ఆయన భావము మాత్రము నాకిప్పటికిని మనోహరముగనే తోచును.

మరియొక విషయము. లేమి యెక్కడ కనబడును? కృష్ణాజిల్లాలోని మా పల్లెలో నా చిన్నతనమున మంచుముక్క యెరుగము. తడియిసుకలో నిలిపిన మట్టికూజాలోని నీరే చల్లదనమునకు హద్దు. ఆ యింటిలో మంచు లేదు గాని, మంచు లేకపోవుట యనునది గూడ లేకుండెను. ఒక వస్తువు ఉన్నచో తప్పక కనబడవలసిన చోట కనబడకపోయినప్పుడే దాని యభావము తెలియునని, భాట్టమీమాంసకులు అనుపలబ్ధిని ప్రత్యేకప్రమాణముగా నంగీకరించుచు, దానికి యోగ్యత యను నిబంధనను పెట్టిరి. బోస్టనునుండి టూడర్ అను వర్తకుడు మాసచూసెట్సు సరస్సులలో కోయించిన మంచును ఓడలపై తెప్పించి నిలువచేయుటకు 1842లో మద్రాసు సముద్రతీరమున ఐస్ హౌసును కట్టించినపుడు, ఆ మంచు రుచి చూచిన కొలదిమందికే ఓడ రాని దినమున లేమి తెలిసినది. తక్కిన పట్టణమునకు ఆ దినమును ఎప్పటివంటి దినమే. ఆ కట్టడముననే 1897 ఫిబ్రవరిలో, పశ్చిమదేశములనుండి మరలివచ్చిన వివేకానందస్వామి తొమ్మిది దినములు బస చేసెను. అమెరికా పంపిన చల్లదనమునకై కట్టిన గోడల నడుమ, అమెరికాకు వేదాంతము చెప్పివచ్చినవాడు కూర్చుండి మాటలాడెనని తలచినపుడెల్ల నా యొడలు గగుర్పొడుచును. మా అమ్మాయి యింటిలోని లేమియు, ఆ మద్రాసువారి లేమివలెనే, అలవాటుచేత పుట్టినది. అయినను పుట్టినపిమ్మట అది నిజమైన లేమియే, దానికి కారణమును నిజముగనే యుండవలెను.

కారణము వెదకబోవువాడు ముందు కార్యము పుట్టు విధము నెరుగవలెను. యంత్రముతో కూడ వచ్చిన చిన్నపుస్తకమును మనుమరాలు చదివి వినిపించగా నేను గ్రహించినది యిది. గోడలోని నీటిగొట్టమునుండి సన్నని నాళమొకటి ఫ్రిజ్జు వెనుకకు వచ్చును; అచ్చట విద్యుత్తుచే తెరచుకొను వాల్వు కలదు; యంత్రము కోరినప్పుడు ఆ వాల్వు ఏడెనిమిది సెకండ్లపాటు మాత్రమే తెరచుకొని మూసికొనును; ఆ స్వల్పకాలమున పారిన నీరు పైనుండి వంగిన నాళము గుండ అల్యూమినియపు అచ్చులోనికి జారి యెనిమిది అరలలో నిండును; చుట్టును సున్నకు దిగువ 18 డిగ్రీల చలి యుండుటచే ఆ నీరు క్రమముగా గడ్డకట్టి, అచ్చు సున్నకు దిగువ తొమ్మిది డిగ్రీల వరకు చల్లబడినదని థర్మోస్టాటు గ్రహించినపుడు, మోటారు కదలును; అచ్చు అడుగుననున్న హీటరు వెచ్చబడి, ముక్కల యంచును మాత్రము రవంత కరగించును; తెడ్లవంటి చేతులు మెల్లగా తిరిగి, పట్టు వదలిన అర్ధచంద్రాకారపు ముక్కలను తొట్టిలోనికి త్రోయును; మరల వాల్వు తెరచుకొనును. చలిచే కట్టిన మంచును అచ్చునుండి విడిపించుటకు అగ్ని కావలసివచ్చినదని విన్నపుడు, గడ్డకట్టుటయందును కరుగుటయందును తేజస్సునే నిలిపిన కణాదుని సూత్రము నా చెవిలో మరల మ్రోగినది.

నీరు, నీటి యొత్తిడి, వాల్వు, నాళము, చలి, థర్మోస్టాటు, మోటారు, హీటరు, విద్యుత్తు — ఇవి యన్నియు గూడినపుడే ముక్క పుట్టును. ఈ కూడికనే మనవారు కారణసామగ్రి యనిరి. తొట్టిలో ముక్క పడినదనగా అన్ని కారణములును ఉన్నవని సాక్ష్యము దొరికినట్లే. పడలేదనగా మాత్రము అన్నియు లేవని కాదు. ఏదో యొకటి లేదని మాత్రమే. ఆ యొకటి యేదో లేమి తనంత తాను చెప్పదు. ఉనికి అనేకసాక్షులతో మాటలాడును, లేమి మూగది. ఆ మూగదాని నోట మన యిష్టము వచ్చిన పేరు పెట్టి పలికించుటయే మనము సాధారణముగా చేయు తప్పు. ఇంటిలో శాంతి లేదన్నచో కోడలి పేరు చెప్పుదుము. పైరు పండలేదన్నచో పాలేరు పేరు చెప్పుదుము. పిల్లవాడు పరీక్ష తప్పినచో పంతులు పేరు చెప్పుదుము. పది కారణములు కూడి నిలిపిన శాంతి ఆ పదింటిలో దేనివలన చెడినదో చూడకయే ఒకరిని నిలువునా దోషిని చేయుదుము. నేనును నా జీవితమున అట్లు కొందరికి అన్యాయము చేసితిని. ఆ ఫ్రిజ్జు ముందు నిలుచుండినపుడు వారి ముఖములు నాకు జ్ఞాపకము వచ్చినవి.

మంచుపెట్టెలోని పనిముట్లలో నా దృష్టిని మిక్కిలి ఆకర్షించినది ఒక తీగ. అచ్చు ప్రక్కన వంగి వ్రేలాడు ఆ తీగచేయి, తొట్టి నిండినపుడు ముక్కలచే పైకెత్తబడి యంత్రమును ఆపివేయును. తొట్టి వెలితి పడగానే దిగి, మరల నడువనిచ్చును. ఒక్క ముక్క అడ్డముగా చిక్కుకొన్నను, సామాను తీయువాని చేయి తగిలి అది పైకి లేచిపోయినను, తక్కిన సామగ్రి యంతయు సిద్ధముగా నున్నను మంచు పుట్టదు. కట్టెయు నిప్పును కలిసినను చంద్రకాంతమణి చెంతనున్నచో కాలదనియు, మణి తీసివేయగానే కాలుననియు శాస్త్రములలో ప్రసిద్ధమైన యుదాహరణము కలదు. నిప్పునందొక శక్తి యున్నదనియు, మణి దానిని నశింపజేయుననియు మీమాంసకుల వాదము. ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో ఆ శక్తిని త్రోసిపుచ్చి, అడ్డు లేకపోవుట గూడ సామగ్రిలో నొక భాగమే యని సాధించెను. ఈశ్వరుని నిరూపించుటకై పుట్టిన గ్రంథమున ఇంత సూక్ష్మముగా అడ్డును గూర్చి చర్చించుట యెందులకని విద్యార్థిదశయందు నేను విసుగుకొంటిని. అడ్డు లేకపోవుట యను కనబడని దయవలన గదా లోకమున ప్రతి కార్యమును పుట్టుచున్నది! దానిని లెక్కించుట నేర్పనివాడు ఈశ్వరుని గూర్చి యేమి చెప్పగలడు? మా యింటి తీగచేయి మాత్రము దిగియే యుండెను. అడ్డు అది కాదు.

అమ్మాయి ఫిల్టరు మార్చినది. నీరు రవంత వడిగా వచ్చినట్లు తోచినది గాని, తెల్లవారినను మంచు పడలేదు. ఫిల్టరును ఆరు నెలల కొకమారు మార్చవలెనని యా పుస్తకమున నుండుట నిజము. ఇచ్చట సంవత్సరము దాటుటయు నిజము. పాతబడిన పిమ్మట మంచు ఆగుటయు నిజము. ఇన్ని నిజములు చేరినను అది యొక్కటే కారణమని తేలలేదు. గరికపాటి సీమలో పుట్టి కాశికి పోయి, కాశీపండితులలో పేరు వడసిన మన అన్నంభట్టు తర్కసంగ్రహమున, కార్యమునకు తప్పక ముందుండునది కారణమని చెప్పెను; ముందుండి గూడ కార్యమునకు అక్కరలేనివానిని విడదీయుటకై అన్యథాసిద్ధమను విభాగమును తార్కికులు కల్పించిరి. కుండ చేయునపుడు కుమ్మరి చేతిలోని కఱ్ఱ కారణము. కఱ్ఱతో పాటు దాని రంగును ముందే యున్నది, అయినను రంగు కుండను చేయలేదు.

ఈ విభాగము పండితుల వినోదమని తలచువారికి మంచుయంత్రపు పుట్టుకయే సమాధానము చెప్పును. ఫ్లోరిడాలోని అపలాచికోలా యను రేవుపట్టణమున జాన్ గారీ యను వైద్యుడుండెను. చిత్తడినేలలనుండి లేచు చెడుగాలియే చలిజ్వరమునకు మూలమని ఆ కాలపు వైద్యులలో పెక్కుమందివలె ఆయనయు నమ్మెను. చిత్తడి యున్నచోట జ్వరము, లేనిచోట లేదు. వేసవిలో జ్వరము, చలికాలమున లేదు. అన్వయవ్యతిరేకములు రెండును చక్కగా కుదిరినవి. కావున రోగుల గదులను చల్లబరచుటకై, నీటిని గడ్డకట్టించు యంత్రమును స్వయముగా నిర్మించి, 1851 మే 6వ తేదీన 8080 సంఖ్యగల పేటెంటును పొందెను. దానివలన ధనమును గాని ఆదరమును గాని పొందక, 1855లోనే మరణించెను. ఆయన నమ్మిన కారణము, కఱ్ఱతో పాటు వచ్చిన రంగు వంటిది. అసలు కఱ్ఱ యేదో, 46 సంవత్సరముల పిమ్మట, 1897 ఆగస్టు 20వ తేదీన, మన సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నపుడు బయలుపడినది. చిత్తడిగాలియు దోమయు ఎల్లప్పుడును కలిసియే యుండుటచేత, ఒకదాని నేరము వేరొకదానిమీద పడినది. ఇంత దయగల హృదయముతో, ఇంత నేర్పుతో వెదకినవాడే పొరబడినాడన్నచో, వెదకకయే తీర్పు చెప్పు మనమెంతటి వారము! అయినను గారీ యత్నము వ్యర్థము గాలేదు. తప్పు కారణమును నమ్మి చేసిన పనినుండియు లోకమునకు చల్లని నీరు దక్కినది.

ఫిల్టరు మార్చిన మరునాటి ఉదయమున మనుమరాలు మంచుపెట్టెలో చిన్న ఉష్ణమాపకము నుంచి చూచి, సున్నకు దిగువ 18 డిగ్రీలని చెప్పెను. చలి యున్నది. విద్యుత్తున్నది. అచ్చులో మాత్రము నీరు లేదు, ఎండి యున్నది. నీరు రావలసిన నాళము నోట వ్రేలు పెట్టి, "తాతయ్యా, ఇక్కడ గట్టిగా ఉంది. నాళం లోపలే ఐస్ కట్టింది!" అని యరచెను. ఫ్రిజ్జుకు విద్యుత్తు తీసివేసి, తల యార్చుకొను హెయిర్ డ్రయరును తక్కువ వేడిలో నుంచి నాళముపై గాలి విసరగా, కొంతసేపటికి వ్రేలెడు మంచుకడ్డీ జారి క్రింద పడినది. ఆ సాయంకాలమునకు ముక్కలు రాలినవి. ఇల్లంతయు సంతోషించినది, వ్రతమును చక్కగా జరిగినది. చాలకపోవునేమో యని అల్లుడు బజారునుండి తెచ్చిన మంచుసంచులు రెండును విప్పకుండగనే మిగిలిపోయినవి.

వ్రతము మరునాడు యంత్రము మరల ఆగినది.

ఫ్రిస్కో పట్టణముననే కార్యసిద్ధి హనుమంతుని ఆలయము కలదు. శనివారము శనివారము మేమచ్చటికి పోవుచుందుము. ఆ దినమున ప్రదక్షిణము చేయుచు సుందరకాండలోని ఘట్టమొకటి తలపునకు తెచ్చుకొంటిని. రావణుని యంతఃపురమున నిద్రించుచున్న మండోదరి సౌందర్యమును చూచి హనుమంతుడు ఈమెయే సీత యని తలంచి, పట్టరాని యానందముతో గంతులు వేయును. మరుక్షణముననే తెలివి తెచ్చుకొని, రాముని యెడబాసిన సీత అలంకరించుకొని పరునింట సుఖముగా నిద్రించునా యని తర్కించి, తన సంతోషమును తానే కొట్టివేయును. మహర్షి ఆ పొరపాటును దాచక వర్ణించుటలోనే హనుమంతుని గొప్పతనము నాకు కనబడును. వెదకువానికి దొరకనిదానికంటె, దొరికినట్లు తోచినది పెద్ద యాటంకము. మేము నాళములోని మంచుకడ్డీని చూచి గంతులు వేసితిమి. అది మండోదరి.

జ్ఞానము నిజమో కాదో దానివెంట చేసిన పని ఫలించుటను బట్టి తెలియునని వాత్స్యాయనుడు న్యాయభాష్యారంభముననే చెప్పెను. మా పని రెండు దినములు ఫలించినది, మూడవనాడు ఫలింపలేదు. కావున మా జ్ఞానము అసత్యము కాదు, కొద్దిపాటి సత్యము. నాళము మూసికొనుట మంచులేమికి కారణమే. కాని అదియు మరియొకదానికి కార్యము. కారణమునకు కారణము, దానికి మరల కారణము అని పోవుచుండిన అనవస్థ గదా, ఎక్కడ నిలువవలెనని శిష్యులు నన్నడుగుచుండెడివారు. అప్పుడు నేను గ్రంథములోని సమాధానమును చెప్పెడివాడను. ఇప్పుడు చెప్పవలసినచో, చేతికి అందినంతవరకు పొమ్మని చెప్పుదును. నాళములో నీరేల గడ్డకట్టినది? ఒక్క పెట్టున అచ్చులోనికి దూకవలసినది, బొట్లుబొట్లుగా జారి, ఆ చలిలో నిలిచిపోయినది గనుక. బొట్లుగా నేల జారినది? నీటి యొత్తిడి చాలనప్పుడు వాల్వు గట్టిగా మూసికొనదు. చదరపు అంగుళమునకు కనీసము 20 పౌండ్ల యొత్తిడి యుండవలెనని యా పుస్తకముననే యున్నది. ఒత్తిడి యేల తగ్గినది? తలుపువద్ద గ్లాసు నిండుటకు మునుపటికంటె రెట్టింపు కాలము పట్టుచున్నదని మేమందరము కొన్ని వారములుగా చూచుచునే యుంటిమి. చూచితిమి గాని దానిని సాక్ష్యముగా నెంచలేదు.

అల్లుడును నేనును ఫ్రిజ్జును ముందునకు లాగితిమి. గోడలోని చిన్న యరలో, నాళము మొదలయ్యెడి చోట, గుండ్రని పిడిగల చిన్న కుళాయి కలదు. అది సగమే తెరచియుండెను. మే నెలలో ఆ గోడకు రంగు వేయించినపుడు ఫ్రిజ్జును జరుపుటకై దానిని కట్టివేసిరి. పని ముగిసినపిమ్మట దానిని మరల తెరచినది ఎవరో కాదు, నేనే. పిడి బిగుసుకొని రెండు చుట్లకు ఆగిపోగా, అంతే కాబోలునని నేను చేయి తీసివేసితిని. కొత్తలో ఆ సన్ననీరే చాలినది. ఫిల్టరు పాతబడిన కొలది అదియు చాలకపోయినది. రెండు నెలలకు, ముప్పదిమంది యతిథులు రానుండగా, ఆ రెండు చుట్లు పండినవి.

ఆ కుళాయి ముందు నేల మీద కూర్చుండి నేను చాలసేపు లేవలేకపోతిని. చేసిన పని చేసిన క్షణముననే మాయమగును, ఫలమెప్పుడో వచ్చును, ఈ రెండింటి నడుమ వంతెన యేది యని మీమాంసకులు అడిగి, అపూర్వమను దానిని చెప్పిరి. నా పని మే నెలలో ముగిసినది, నేను మరచితిని. ఫలము ఆషాఢమున వచ్చినది. నడుమ వంతెనగా నిలిచినది గోడలోని యిత్తడి. కనబడనిచోట నున్నంతకాలము అది నాకు అదృష్టమే. ఫ్రిజ్జును లాగిన క్షణమున దృష్టమైనది. మన ఖర్మ యని నా యిల్లాలన్న మాట, వెదకుటకు ముందు పలికినందున తొందరపాటు. వెదకిన పిమ్మట చూడగా అక్షరాల సత్యము. కర్మమనగా చేసిన పని యనియే గదా యర్థము. ఆ మాటను మనము నిట్టూర్పుతో కలిపి పలుకుటచేత, ఎవరో ఎక్కడో మనమీద పడవేసిన బరువుగా భావింతుము. అది మన చేతినుండి బయలుదేరి, మన చేతికే మరల అందవలసిన వస్తువని మరతుము. అందనంత దూరమున నున్న కర్మములును ఉండవచ్చును. పూర్వజన్మములలో పడిన చుట్లను నేను లాగి చూడజాలను. కాని ఈ జన్మములోని గోడలవెనుక నున్నవానిని గూడ పూర్వజన్మములలో కలిపివేయుట, కర్మసిద్ధాంతముపట్ల భక్తి గాదు. న్యాయసూత్రములలో లెక్కించిన పదునారు పదార్థములలో, ప్రమాణప్రమేయముల వెంటనే మూడవస్థానమున గౌతముడు సంశయమును నిలిపెను. సంశయమును పాపమని పిల్లలకు చెప్పు పెద్దలు ఆ వరుసను ఒకమారు చూడవలెనని నా కోరిక.

పిడిని తడిగుడ్డతో పట్టి తిప్పగా నాలుగైదు చుట్లు తిరిగినది. గ్లాసు మునుపటివలె వడిగా నిండినది. నాళమును మరల వెచ్చబరచి, ఫ్రిజ్జును గోడకు చేర్చి, తప్పు నాదని ఇంటిలో అందరికి చెప్పితిని. నా యిల్లాలు ఏమియు ననక, పూజగదిలో దీపము సవరించుటకు లేచిపోయెను.

ఆ రాత్రి పదకొండు గంటలకు మొదటి యెనిమిది ముక్కలు తొట్టిలో పడినవి. మనుమరాలు మేలుకొనియే యుండి లెక్కించినది. క్రొత్తగా పారిన నీటితో కట్టిన మొదటి మూడు విడతలను వాడక పారబోయవలెనని చెప్పితిని. తెల్లవారుజామున ఆమె వానిని పెరటిలోని మందారపు మొదట పోసివచ్చెను. ఎండ కంచె దాటి వచ్చునప్పటికి అవి నీరై నేలలో ఇంకిపోయినవి.